పన్ను అడగని ప్రభుత్వం

చమురు దొరికాక చితికిపోయిన దేశాల గురించి రాసిందే రాస్తున్నారు. అవినీతి, నియంతలు, అంతర్యుద్ధాలు... ఇవన్నీ నిజమే. వీటన్నిటికీ అడుగున ఉన్న నష్టం గురించే ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఆ దేశాల్లో మనిషికి మనిషి మీద నమ్మకం పోతుంది. అందుకు నేను చమురును తప్పుపట్టను. చమురు చూసుకుని పన్ను అడగడం మానేసిన ప్రభుత్వానిదే తప్పు.

నైజీరియానే చూడండి. 1956లో నైజర్ డెల్టాలోని ఒలోయిబిరి అనే ఊళ్లో చమురు పడింది. స్వాతంత్ర్యం వచ్చిన 1960 నాటి రాజ్యాంగం ఖనిజాలపై వచ్చే రాయల్టీలో సగం అవి దొరికిన ప్రాంతానికే ఇవ్వాలంది. సైనిక పాలకులు ఆ వాటాను కోసుకుంటూ పోయారు. 1999 రాజ్యాంగం కనీసం 13 శాతం ఇవ్వాలంది. డెల్టా వాసికి తన నేల కింది సొమ్ము ఎవరో తింటున్నారన్న కడుపుమంట. మిగతావారికి డెల్టా నేతలు ఆ 13 శాతాన్నీ మింగేశారన్న అనుమానం. ఎవరి చెమటా లేని సొమ్ము పంపకానికి వస్తే పక్కవాడు వాటాదారుగానే కనిపిస్తాడు.

అదే నైజీరియాలో 2004లో ఒక మంచి పని జరిగింది. ఏ రాష్ట్రానికి, ఏ స్థానిక ప్రభుత్వానికి నెలనెలా ఎంత ఇచ్చారో ఆర్థికశాఖ పత్రికల్లో అచ్చువేయడం మొదలుపెట్టింది. పేజీ నిండా చిన్న అక్షరాల్లో అంకెలు. తన ఊరి వరుస మీద వేలు పెట్టి, ఆ అంకె చదివి, తలెత్తి కప్పు లేని బడిని చూసే మనిషిని ఊహించుకోండి. అప్పటిదాకా పక్క తెగను తిట్టినవాడికి నిలదీయాల్సింది ఎవరినో తెలిసింది.

చమురున్నా నార్వే చితికిపోలేదంటే, అక్కడ చమురుకు ముందే నమ్మకం ఉందని, సంస్థలు గట్టివని కొందరంటారు. ఉంది, కాదనను. మరి 1966లో స్వతంత్రమైన నిరుపేద ఆఫ్రికా దేశం బోట్స్వానా మాటేమిటి? మరుసటి ఏడాదే ఖనిజ హక్కులను తెగల నుంచి తీసుకుని దేశానికి అప్పగించింది. ఒరాపా వజ్రాలు బయటపడింది అధ్యక్షుడు సెరెత్సె ఖామా సొంత తెగ నేలలోనే, అయినా అవి దేశం సొత్తే అయ్యాయి! నార్వే సంగతికొస్తే, అంత పెద్ద చమురు నిధి పెట్టుకుని కూడా చాలా వస్తువుల మీద 25 శాతం విలువ ఆధారిత పన్ను వసూలు చేస్తోంది. జేబులోంచి కట్టినవాడు రసీదు అడుగుతాడు, పక్కవాడూ కట్టాడా అని చూస్తాడు, కట్టాడని తెలిస్తే నమ్ముతాడు.

అందుకే చమురు సొమ్మును నేరుగా జనం ఖాతాల్లో వేయాలనే వాదం నాకు మింగుడుపడదు. అమెరికాలోని చమురు రాష్ట్రం అలాస్కా 1980లో ఆదాయపు పన్ను ఎత్తేసి, 1982లో చమురు నిధి నుంచి మనిషికి వెయ్యి డాలర్ల చెక్కు పంచింది. 2016లో చమురు ధర పడిపోయి గవర్నర్ ఆ చెక్కును దాదాపు సగానికి తగ్గించారు. బడులకు ఎంత, రోడ్లకు ఎంత అనే చర్చ పోయి, ఈసారి చెక్కు ఎంత అన్నదే రాజకీయమైంది. 2017లో ఆదాయపు పన్ను బిల్లు దిగువ సభలో నెగ్గి, సెనేట్‌లో ఓడిపోయింది.