జీఎస్టీ డేటా నుంచి లాభం రాదు

మళ్లీ అదే మెసేజ్. కిరాణా వాళ్లు, బట్టల షాపు వాళ్లు, మందుల షాపు వాళ్లు ఒకరి తర్వాత ఒకరు పంపుతున్నారు. నిజమేనా అని అడిగేవాళ్లు లేరు, అందరూ "మాకూ పెట్టించండి" అనేవాళ్లే. అందులో ఉన్నది ఇదీ: ఒక యాప్‌లో జీఎస్టీ పోర్టల్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇస్తే రెండు నిమిషాల్లో మీ లాభనష్టాల ఖాతా ఫోన్‌లోకి వచ్చేస్తుంది. అది చూపిస్తే బ్యాంకు లోన్ ఇస్తుంది. పక్క షాపు లాభం కూడా చూడొచ్చు. ఇక అకౌంటెంట్‌కి నెలనెలా ఇచ్చే డబ్బు దండగ.

పక్క షాపు సంగతి ముందు తేల్చేద్దాం. కంపెనీలైతే కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర ఏటా ఏఓసీ-4 ఫారంతో లెక్కలు దాఖలు చేస్తాయి, ఫీజు కట్టి చూడొచ్చు. మీ పక్క షాపు ఒక మనిషి పేరు మీద నడిచే వ్యాపారం. దాని లెక్క అక్కడ ఉండదు. అంతే.

అసలు ప్రమాదం మొదటి మాటలో ఉంది. అమ్మకాలు మనం వేసే జీఎస్టీఆర్-1 రిటర్నులో ఉన్నాయి, కొనుగోళ్లు సప్లయర్ల రిటర్నుల నుంచి పోర్టల్ తయారుచేసే జీఎస్టీఆర్-2బీలో ఉన్నాయి, ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే లాభం అట! మరి అరల్లో ఉన్న సరుకు మాటేమిటి?

ఒక బట్టల షాపు అనుకోండి. ఏప్రిల్ 1న 6 లక్షల సరుకు ఉంది. ఏడాదిలో 40 లక్షలకు కొన్నారు, 36 లక్షలకు అమ్మారు. మార్చి 31న 16 లక్షల సరుకు మిగిలింది. యాప్ లెక్కలో ఇది 4 లక్షల నష్టం. ఇప్పుడు స్టాకు కలపండి. అమ్మకం 36, మిగిలిన సరుకు 16, మొత్తం 52. అందులోంచి పాత సరుకు 6, కొన్నది 40 తీసేస్తే గ్రాస్ ప్రాఫిట్, అంటే ఖర్చులు తీయకముందు లాభం, 6 లక్షలు. అదైనా చేతికొచ్చేది కాదు. అద్దె 1.8 లక్షలు, జీతాలు 2.4 లక్షలు, కరెంటు 30 వేలు, అప్పు మీద వడ్డీ 50 వేలు పోతే మిగిలేది లక్ష. లక్ష సంపాదించిన మనిషికి 4 లక్షలు పోగొట్టుకున్నావని చెప్పే యాప్‌ను నమ్మి రేపు ఆయన ధరలు పెంచితే, లేదా షాపే ఎత్తేస్తే, ఈ మెసేజ్ పంపినవాళ్లు వచ్చి ఆదుకుంటారా?

జీతాలు, కరెంటు బిల్లు, బ్యాంకు వడ్డీ 2బీలోకి రావు. డీజిల్ జీఎస్టీలోనే లేదు. రిజిస్ట్రేషన్ లేని వాళ్ల దగ్గర కొన్నదీ అందులో కనపడదు. సప్లయర్ తన రిటర్ను ఆలస్యంగా వేస్తే ఆ బిల్లు తర్వాతి నెలలో తేలుతుంది. 2బీ పుట్టిందే ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టి, మన పన్నులోంచి తగ్గించుకునే జీఎస్టీ) ఎంతో చెప్పడానికి. దాన్ని లాభం చెప్పమంటే ఎలా చెబుతుంది?

ట్యాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు కూడా నిశ్చింతగా ఉండకూడదు. స్టాకు ఎంట్రీలు లేకుండా అకౌంట్లు మాత్రమే రాసుకునే చోట క్లోజింగ్ స్టాకు (చివర్లో మిగిలిన సరుకు) విలువ మనమే వేయాలి. వేయకపోతే అదీ తప్పు లాభమే చూపిస్తుంది. ఈఎంఐ మొత్తాన్ని ఖర్చు కింద రాసేసినా అంతే. అందులో ఖర్చు వడ్డీ మాత్రమే, తీర్చే అసలు సొమ్ము ఖర్చు కాదు.

లోన్ సంగతి. బ్యాంకు ఐటీఆర్ (ఆదాయపు పన్ను రిటర్ను) అడుగుతుంది, బ్యాలన్స్ షీట్ అడుగుతుంది, అకౌంట్ స్టేట్‌మెంట్లు అడుగుతుంది. ఐటీఆర్‌లో ఒక లాభం, యాప్ కాగితంలో నష్టం కనిపిస్తే మేనేజర్‌కి ఏం జవాబు చెబుతారు?

పాస్‌వర్డ్ మాత్రం దయచేసి ఎవరికీ ఇవ్వకండి. జీఎస్టీ పోర్టల్‌లోనే ఏపీఐ యాక్సెస్ అనే సదుపాయం ఉంది, అంటే బయటి సాఫ్ట్‌వేర్ మీ డేటా తెచ్చుకోవడానికి మీరిచ్చే అనుమతి. దాన్ని మీరే ఆన్ చేసి, 6 గంటల నుంచి 30 రోజుల వరకు గడువు ఎంచుకోవచ్చు. ఆ తర్వాత మీ ఫోన్‌కి వచ్చే ఓటీపీతో సాఫ్ట్‌వేర్ డేటా తెచ్చుకుంటుంది. ఇంత సక్రమమైన దారి ఉండగా ఒక యాప్ పాస్‌వర్డే కావాలంటే, మీరు ఎవరి దగ్గర ఎంత కొంటున్నారో, ఎవరికి ఎంత అమ్ముతున్నారో దాని చేతిలో పెట్టినట్టే.

అయితే ఆ మెసేజ్‌లో ఒక్క మాట నన్ను ఆపింది. "మీ లాభం మీకు ఏడాదికి ఒక్కసారే ఎందుకు తెలియాలి?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. చాలామంది వ్యాపారులు తమ లాభనష్టాల ఖాతాను రిటర్ను వేసే రోజు తప్ప చూడరు. చూపించమంటే విసుక్కునే అకౌంటెంట్లు ఉన్నారు, ట్యాలీ డేటా బ్యాకప్ కూడా ఇవ్వకుండా తమ దగ్గరే ఉంచుకునేవాళ్లూ ఉన్నారు. మెసేజ్‌లో వాళ్ల మీద చూపిన కోపం సబబే. ఆ డేటా మీది.

కాబట్టి నెలాఖరున సరుకు లెక్కపెట్టి, కొన్న ధరకు విలువ కట్టి మీ అకౌంటెంట్‌కి ఇవ్వండి. కొన్న ధర కంటే తక్కువకే అమ్ముడుపోయే పాత సరుకుంటే ఆ తక్కువ ధరే వేయండి. తర్వాతి నెల పదో తారీఖులోపు లాభనష్టాల ఖాతా, దాంతోపాటు డేటా బ్యాకప్ అడగండి. రెండుసార్లు అడిగినా ఇవ్వకపోతే అకౌంటెంట్‌ని మార్చండి.