కొన్న రోజే జేబులో వేసుకెళ్లకండి

మ్యాజిక్ నేర్చుకుంటున్న కుర్రాళ్లు నాకు మెసేజ్ పెట్టి అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. "అన్నా, ఇప్పుడు కొత్తగా ఏం కొనమంటావ్?" వేలకు వేలు పోసి ట్రిక్కు సామాను తెప్పించుకుంటారు. పార్సిల్ వచ్చిన సాయంత్రమే ఫ్రెండ్స్ ముందు చేసేస్తారు. దొరికిపోతారు. వారం తిరక్కుండా అది అటకెక్కుతుంది, ఇంకో ఆర్డర్ పెడతారు. పదకొండేళ్లుగా ఈ విద్యను పట్టుకుని వేలాడుతున్నవాణ్ణి, ఇది చూస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది. లోపం ఆ వస్తువులో లేదు, ఆ పిల్లల చేతుల్లోనూ లేదు. కొన్నదాన్ని తన చేతికి, తన బట్టలకి, తన ఊరి ఎండకి తగ్గట్టు మార్చుకోవాలని వాళ్లకి ఎవరూ చెప్పకపోవడమే అసలు లోపం.

నేను చేసేది క్లోజప్ మ్యాజిక్. అంటే స్టేజీ, లైట్లు, పెట్టెలు కావు. చూసేవాళ్లు రెండు మూడు అడుగుల దూరంలో ఉంటారు. వాళ్ల ఊపిరి మన చేతికి తగులుతుంది. అక్కడ దాచిన వస్తువు ఒక్క మిల్లీమీటరు పెద్దదైనా, కొంచెం మెరిసినా అంతే సంగతులు.

బొటనవేలి తొడుగు విషయమే తీసుకోండి. బొటనవేలి కొనకి తొడుక్కునే నకిలీ వేలు అది, మేం థంబ్ టిప్ అంటాం. రహస్యం బయటపెట్టానని ఎవరూ కోప్పడకండి, ఆన్‌లైన్ షాపుల్లో ఫొటోలు పెట్టి మరీ అమ్ముతున్నారు. దాంతో ఏం చేస్తామో నేనిక్కడ చెప్పను. ఏడేళ్ల కిందట మే నెలలో అక్కావాళ్ల గృహప్రవేశానికి గుడివాడ వెళ్లాను. భోజనాలయ్యాక చుట్టూ చాపల మీద చుట్టాలంతా కూర్చున్నారు, నేను మధ్యలో. కొత్తగా కొన్న తొడుగు, డబ్బాలోంచి తీసింది తీసినట్టే వాడాను. చెమటకి అది వేలి మీద జారుతోంది. నా చెయ్యి చామనఛాయ, తొడుగేమో లేత గులాబీ రంగు. ముందు కూర్చున్న అక్క కూతురు, అప్పటికి దానికి ఐదేళ్లు, "మామయ్యా, నీ వేలు తెల్లగా అయిపోయిందేంటి?" అని గట్టిగా అడిగింది. అందరూ నా వేలి వంకే చూశారు. ఆ రోజు ఇంకేమీ చేయలేకపోయాను.

ఈ మాట చెబితే సీనియర్లు కొందరు ఒక జవాబు చెబుతారు. రంగుతో పనిలేదు, వేలి కొనను సూటిగా చూసేవాళ్ల వైపు పెడితే తొడుగు కనిపించదు అని. నిజమే, ఎదురుగా ఉన్నవాళ్లకి కనిపించదు. కానీ మన ఇళ్లలో జనం ఎదురుగా మాత్రమే కూర్చుంటారా? పక్కన బాబాయి, వెనక మంచం మీద అమ్మమ్మ, భుజం మీదికి ఎక్కుతూ పిల్లలు. వాళ్లందరికీ ఒకేసారి వేలి కొన చూపించడం ఎవరి వల్లా కాదు. అందరూ ఒకవైపే కూర్చునే చోట పుట్టిన సలహా అది. మనకి రంగు కలవాల్సిందే.

రంగు కలపడానికి నాకు ఏడాది పట్టింది. ముందు మామూలు అక్రిలిక్ రంగు వేశాను. తొడుగు మెత్తనిది, వంగినప్పుడల్లా రంగు పెచ్చులుగా ఊడింది. తర్వాత తోలు బ్యాగులకు వేసే రంగు వాడాను. అది వస్తువుతోపాటు వంగుతుంది, పగలదు. రెండు షేడ్లు కలిపి, పగటి వెలుతురులో నా బొటనవేలి పక్కన పెట్టి చూసుకుంటూ పల్చగా మూడు పూతలు. ట్యూబ్‌లైటు కింద చూస్తే రంగు వేరేలా కనిపిస్తుంది, మోసపోకండి. రంగు వేసే ముందే సన్న గరుకు కాగితంతో పైనంతా మెల్లగా రుద్దాలి. మనిషి చర్మం ప్లాస్టిక్‌లా నిగనిగలాడదు, తొడుగును పట్టించేది చాలాసార్లు రంగు కంటే ముందు ఆ మెరుపే. కొనలో సూదితో కనిపించని చిల్లు ఒకటి పెట్టాను. వేలు లోపలికి తోసినప్పుడు గాలి బయటికి పోయే దారి లేక తొడుగు వెనక్కి తన్నుతుంది, ఆ చిల్లుతో అది పోయింది. లోపలి అంచున ఆసుపత్రుల్లో వాడే కాగితం టేపు సన్నని ముక్క. ఇప్పుడు చెమట పట్టినా జారదు. మొత్తం ఖర్చు తొడుగు ధరలో సగం కూడా కాలేదు.

ఇదంతా నేను కనిపెట్టిన విద్యేం కాదు. మన వీధుల్లో గారడీవాళ్లు తరతరాలుగా చేస్తున్న పనే. మూడు గిన్నెలు, గుడ్డ ఉండల ఆట చూశారా? పశ్చిమ దేశాల గిన్నెలు గ్లాసుల్లా పొడుగ్గా ఉంటాయి, బల్ల మీద నిలబడి ఆడటానికి. మన గిన్నె బోర్లించిన చిప్పలా పొట్టిగా ఉంటుంది, పైన చిన్న బొడిపె. ఆ బొడిపెను రెండు వేళ్ల సందున పట్టి ఎత్తితే మిగతా చెయ్యి ఖాళీగా, తేలిగ్గా ఉంటుంది. నేల మీద కూర్చుని, చుట్టూ జనం మూగి ఉండగా ఆడేవాళ్లు చేసుకున్న మార్పు అది. మ్యాజిక్ అనగానే మన తెలుగువాళ్లకి బి.వి. పట్టాభిరాం గారు గుర్తొస్తారు, రావాలి కూడా. కానీ పేరు తెలియని ఆ గారడీవాళ్లని కూడా గురువుల్లో లెక్కపెట్టాలని నేను గట్టిగా అంటాను.

బట్టల సంగతి ఎవరూ మాట్లాడరు. వస్తువును లాక్కుని మాయం చేసే ఎలాస్టిక్ తాడు ఉంటుంది కదా, దాన్ని కోటు కోసం తయారుచేశారు. విజయవాడ ఎండలో కోటెవరు వేస్తారు? నేను లాల్చీ వేసుకుంటాను. తాడు పొడవు మూడో వంతు తగ్గించి, కొసను నడుము దగ్గర పక్కకుట్టు లోపల పిన్నీసుతో పెట్టాను. మా వీధి టైలర్ లోపల చిన్న జేబు కుట్టిచ్చాడు, ఎందుకని మాత్రం ఇప్పటికీ అడగలేదు. ఎలాస్టిక్ మన చెమటకి త్వరగా సాగిపోతుంది. టైలరింగ్ సామాను అమ్మే షాపులో మీటరు కొనిపెట్టుకుని రెండు నెలలకోసారి మార్చేయండి. పాతది పెళ్లి పందిట్లో తెగితే తట్టుకోలేరు. చిన్న వస్తువుల్ని అతికించుకోవడానికి వాడే మైనం కూడా అంతే. తేనెమైనం 60 డిగ్రీలు దాటితేగానీ కరగదు, కానీ ఒంటి వేడికే మెత్తబడుతుంది. వేసవికి గట్టిది, చలికాలానికి మెత్తది వేరువేరుగా కలిపి ఉంచుకుంటాను. వస్తువుల్ని గాల్లో తేలించే కనిపించని దారం మాత్రం ఎండాకాలంలో పూర్తిగా మానేశాను. ఫ్యాను తిరుగుతుంటే అది నిలవదు, మేలో ఫ్యాను ఆపమని ఏ ఇంటివాళ్లనీ అడగలేం.

నాణేల దగ్గర నాకు మరీ కోపం వస్తుంది. బయటి నుంచి వచ్చే సెట్లు అమెరికా హాఫ్ డాలర్ సైజువి, 30 మిల్లీమీటర్లు దాటిన నాణేలు. అవి తీసి పెడితే మనవాళ్లు ట్రిక్కు చూడరు, నాణేన్నే అనుమానంగా చూస్తారు. మన పది రూపాయల బిళ్ల 27 మిల్లీమీటర్లు. ఆ మూడు మిల్లీమీటర్ల తేడాకే వేళ్లు ముడిచే పద్ధతంతా మార్చుకోవాలి, మార్చుకోండి. అలాగని నిజం నాణేన్ని కోసి డొల్ల చేయించకండి. నాణేల్ని నాశనం చేయడం, కరిగించడం 2011 నాణేల చట్టం ప్రకారం నేరం. 2016 నవంబరులో పాత నోట్లు రద్దయినప్పుడు నోటు ట్రిక్కులకీ ఇదే కష్టం వచ్చింది. పాత ఐదు వందల నోటు వెడల్పు 73 మిల్లీమీటర్లు, కొత్తది 66. మడతలన్నీ మళ్లీ మొదటి నుంచి సాధన చేశాను. ఇప్పుడు నోటు అప్పు అడిగితే "ఫోన్‌పే చేయనా?" అంటున్నారు, అది వేరే బాధ.

అయస్కాంతాల గురించి ఒక్క మాట, దయచేసి వినండి. రూపాయి బిళ్ల అయస్కాంతానికి అంటుకుంటుంది కాబట్టి నియోడిమియం అనే చాలా బలమైన అయస్కాంతపు చిన్న ముక్కలు చాలామంది దగ్గర ఉంటున్నాయి. పసిపిల్లలు రెండు ముక్కలు మింగితే అవి పేగుల గోడల్ని మధ్యలో పెట్టుకుని అతుక్కుంటాయి, ప్రాణం మీదికి వస్తుంది. ముక్కను విడిగా ఉంచకండి, వస్తువులోకి గట్టిగా అతికించి, ప్రదర్శన అయ్యాక లెక్క చూసుకోండి. గుండెలో పేస్‌మేకర్ ఉన్నవాళ్ల దగ్గర అసలు బయటికే తీయకండి.

ఇవేవీ వీడియోల్లో చెప్పరు, ఎందుకంటే వాటితో అమ్మకాలు జరగవు. ఒక్క వస్తువు కొని, ఆరు నెలలు దాన్ని రుద్ది, కత్తిరించి, కుట్టి, అద్దం ముందు చెమటలు కక్కి వాడినవాడి చెయ్యి వేరే ఉంటుంది. కొత్తది కొనాలన్న తొందర వాడికి ఉండదు.

పోయిన ఆదివారం మళ్లీ గుడివాడ వెళ్లాను. అదే ఇల్లు, అదే హాలు. అక్క కూతురికి ఇప్పుడు పన్నెండేళ్లు. ఎర్ర గుడ్డ మాయమయ్యాక అది నా మోకాళ్ల దగ్గరికి జరిగి, "రెండు చేతులూ చూపించు మామయ్యా" అంది. చూపించాను. ముందు ఒకటి, తర్వాత ఇంకొకటి, తిప్పి తిప్పి చూసింది. "ఏమీ లేదే!" అని వెళ్లి వాళ్లమ్మ పక్కన కూర్చుంది. తొడుగు అప్పటికింకా నా బొటనవేలికే ఉంది.