గురి తప్పినా ఆ పరిశోధన వృథా కాదు

టూత్‌పేస్టుల్లో, సబ్బుల్లో వాడే ట్రైక్లోసాన్ పేరు వినే ఉంటారు. అది మలేరియా పరాన్నజీవిని చంపుతోందని, కొవ్వు ఆమ్లాలు తయారుచేసే ఓ ఎంజైమును అడ్డుకోవడమే కారణమని 2001లో బెంగళూరులో శాస్త్రవేత్తలు నమితా సురోలియా, అవధేశ సురోలియా చెప్పారు. ఆ తరహా ఎంజైము మన ఒంట్లో లేదు. మందుకు ఇంతకన్నా మంచి గురి ఏముంటుంది? కానీ 2008కల్లా కథ మారింది. ఆ ఎంజైమును తయారుచేయించే జన్యువు తీసేసినా పరాన్నజీవి రక్తంలో నిక్షేపంగా బతికింది, ఆ ఎంజైము అవసరమంతా కాలేయ దశలో, అంటే దోమ కుట్టాక పరాన్నజీవి రక్తంలోకి వచ్చేముందు కాలేయంలో పెరిగే దశలోనేనని ఎలుక మలేరియా ప్రయోగాల్లో తేలింది.

అయితే ఇదంతా బూడిదలో పోసిన పన్నీరేనా? కానే కాదు. పరాన్నజీవి రక్తంలో ఒకలా, కాలేయంలో ఇంకోలా బతుకుతుందని ఇలాంటి పనే మనకు నేర్పింది. మలేరియాలో వైవాక్స్ అనే రకం నెలల తరబడి కాలేయంలో నిద్రపోయి మళ్లీ లేస్తుంది కదా, ఆ నిద్రలో ఉన్నదాన్ని చంపడానికి మన చేతిలో ఉన్నవి ప్రైమాక్విన్, టాఫెనోక్విన్ రెండే, అవీ ఒకే కుటుంబం మందులు, ఎర్రకణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్లకు ఇస్తే ఎర్రకణాలు పగిలిపోతాయి. కొత్త గురి వెతకాల్సింది ఇక్కడే.

దోమతెరలకు, స్ప్రేయింగ్‌కు డబ్బివ్వండి, ల్యాబులెందుకు అనేవాళ్లున్నారు. పాడేరు ఏజెన్సీలో దోమతెర వద్దని నేనూ అనను. కానీ ఒళ్లు కాలిపోతున్న పిల్లాడికి దోమతెర మందు కాదు. మలేరియాకు ప్రధానంగా వాడే ఆర్టెమిసినిన్ మందుకు లొంగని రకాలు కంబోడియాలోనే కాదు, రువాండా, ఉగాండాల్లోనూ కనిపించాయి.

1976లో ట్రేగర్, జెన్సన్ అనే శాస్త్రవేత్తలు గాజు పాత్రలో కొవ్వొత్తి వెలిగించి మూతపెట్టి, అది ఆరాక మిగిలే తక్కువ ఆక్సిజన్ గాలిలో మనిషి ఎర్రకణాలు వేసి, మలేరియాలో ప్రాణాంతకమైన ఫాల్సిపారమ్ రకాన్ని పెంచారు. వైవాక్స్‌ను అలా నిరంతరాయంగా పెంచడం ఇప్పటికీ కుదరలేదు. ఇది రెండేళ్ల ప్రాజెక్టులతో తేలే పనా?

పైగా ల్యాబులో అలా పెంచే పరాన్నజీవుల కల్చర్లను కనిపెట్టుకుని ఉండేదెవరు? పీహెచ్‌డీ పిల్లలు. ఫాల్సిపారమ్ 48 గంటలకోసారి ఎర్రకణాన్ని పగలగొట్టుకుని బయటికొస్తుంది, దానికి సంక్రాంతి తెలియదు, ఆదివారం తెలియదు, వీళ్లు వెళ్లి వాటికి ఆహారమైన పోషక ద్రవం మార్చాల్సిందే. వీళ్లకిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు. అదీ నెలల తరబడి రాకపోతే హాస్టల్ మెస్ బిల్లుకు ఇంటికి ఫోన్ చేయాలి. ముందు ఆ ఫెలోషిప్ ప్రతి నెలా ఒకటో తారీఖున పడేలా చూడండి, కాలేయ దశ మీద పనిచేసే ల్యాబులకు కనీసం పదేళ్లకు సరిపడా గ్రాంటు ఒకేసారి మంజూరు చేయండి.