స్కిప్ బటన్ గారికి ఒక శ్రోత రాసుకున్న ఉత్తరం

స్కిప్ బటన్ గారికి,

నమస్కారం. గారు అనడం ఇక్కడితో ఆపేస్తా, ఏమనుకోకు. రోజంతా వేలితో పొడుస్తూ మళ్ళీ మీరు అనాలంటే నోరు రాదు. రెండు చిన్న త్రికోణాలు, పక్కన ఒక నిలువు గీత, అంతే కదా నువ్వు. ఇంత బొమ్మవి, ఇవాళ పాట ఎలా మొదలవ్వాలో నువ్వు చెప్తున్నావ్, పెద్ద పెద్దవాళ్ళు చేతులు కట్టుకుని వింటున్నారు.

నువ్వు లేని రోజుల గురించి కాస్త చెప్తా విను. క్యాసెట్లో నచ్చని పాట వచ్చిందనుకో, ఫాస్ట్ ఫార్వర్డ్ నొక్కి పట్టుకుని, అయిపోయిందేమోలే అని వదిలితే తర్వాతి పాట సగంలో తేలేవాళ్ళం, మళ్ళీ రివైండ్, ఈసారి వెళ్ళి పాత పాట చివర్లో పడేవాళ్ళం, ఈ గోలంతా ఎందుకు ఆ పాటేదో వినేస్తే పోలా అనిపించేది. వినేవాళ్ళం. అలా బద్ధకం కొద్దీ విన్న పాటలే కొన్నాళ్ళకి నోట్లోంచి పోయేవి కావు. సంగీతానికి బద్ధకం చేసిన సేవకి రావాల్సినంత పేరు రాలేదని నా గట్టి అభిప్రాయం. 1982లో సీడీ ప్లేయర్లు అమ్మకానికి వచ్చాక నీ దశ తిరిగింది, నొక్కితే ఠక్కున తర్వాతి పాట. అయినా అప్పట్లో నువ్వు బుద్ధిమంతుడివే, నిన్ను నొక్కిన సంగతి మనిద్దరికీ తప్ప మూడోవాడికి తెలిసేది కాదు.

ఇప్పుడు చాడీలు మరిగావ్. నేను ఏ పాట ఏ సెకన్లో దూకేశానో వెళ్ళి, నాకు ఏ పాట వడ్డించాలో లెక్కేసే అల్గారిథం చెవిలో ఊదుతావ్. స్పాటిఫై అనే పాటల యాప్‌లో పాట కనీసం 30 సెకన్లు మోగితేనే ఒక స్ట్రీమ్ కింద లెక్క, 29వ సెకన్లో నిన్ను నొక్కితే ఆ పాట కట్టినవాడికి ఆ వినడం లెక్కలోకే రాదు. మరి వాళ్ళు మాత్రం ఏం చేస్తారు, భయపడ్డారు. ఓహయో స్టేట్ యూనివర్సిటీలో ఒకాయన 1986 నుంచి 2015 దాకా అమెరికా టాప్ 10 హిట్లు కొన్ని వందలు ముందేసుకుని కూర్చుని కొలిచి 2017లో బయటపెట్టాడు: 80ల మధ్యలో గొంతు వినపడే ముందు సగటున 20 సెకన్ల పైనే ఉండే ఇంట్రో, 2015కి వచ్చేసరికి 5 సెకన్లయింది.

ఇరవై సెకన్లలో ఏముందిలే అంటావేమో. ముందు ఒక్క గిటారు మోగేది, ఏం పాటో తెలిసేది కాదు. కింద బేస్ మెల్లగా వచ్చి చేరేది, డ్రమ్స్ ఇంకా రావు. అదిగో పాడేస్తారు అనుకున్న చోట పాడకుండా ఇంకో రౌండ్ తిప్పేవాళ్ళు, మనం లోపల ఎత్తుకున్న పల్లవి గొంతులోనే ఉండిపోయేది, అప్పుడు వచ్చేది గొంతు. ఆ ఊరించడమే సగం పాట. ఇప్పుడు ప్లే నొక్కీ నొక్కగానే హుక్ లైను, అదే నోట్లో పట్టుకునే ముక్క, మొహాన కొడుతున్నారు, గుమ్మంలో చెప్పులు విప్పకముందే మళ్ళీ ఎప్పుడొస్తారు అని అడిగినట్టుంటుంది.

యంత్రం చెప్పినట్టు పాట నడుచుకోవడం కొత్తేం కాదులే. నిమిషానికి 78 చుట్లు తిరిగే గ్రామఫోన్ రికార్డుల కాలంలో పది అంగుళాల ప్లేటు ఒక వైపు మూడు నిమిషాల చిల్లరే పట్టేది, గంటసేపు పాడగలిగే మహానుభావులు కూడా అందులోనే సర్దుకున్నారు. కాకపోతే దానికి చోటు లేదు పాపం. నీకేం తక్కువని?

సరే, పాటలు కట్టేవాళ్ళ బాధ వాళ్ళు పడతారు, నా సొంత గొడవ వేరే ఉంది. నిన్ను నొక్కకపోతే ఆ పాట నాకు నచ్చినట్టేనని నీకెవరు చెప్పారు? నిద్ర పట్టక ఒక రాత్రి వాన చప్పుడు పెట్టుకుని పడుకున్నా, నిద్రపోయిన మనిషి స్కిప్ కొడతాడా, కొట్టలేదు, తెల్లారేసరికి నాకు వానంటే ప్రాణమని తేల్చేశారు. 'మీకోసం' అని లిస్టు తీస్తే ఉరుములు, సముద్రం, ఫ్యాన్ చప్పుడు. నెత్తి మీద ఫ్యాన్ ఉందయ్యా నాకు! చేతులు తడిగా ఉండి నొక్కలేకపోయిన పాటలన్నీ కూడా నా ఇష్టాల కింద చేరిపోయాయి.

నిద్రపోయేవాడు నొక్కడని కనిపెట్టిన ఘనులు నాకంటే ముందే ఉన్నార్లే. చప్పుళ్ళని చిన్నచిన్న ముక్కలు కోసి ఒక్కో ముక్కనీ ఒక్కో ట్రాకుగా ఎక్కించి సంపాదించుకున్నారు, చివరికి 2024 నుంచి అలాంటివి కనీసం 2 నిమిషాలుండాలని స్పాటిఫై రూలు పెట్టాల్సొచ్చింది. వీళ్ళందరికీ గురువులు వల్ఫ్‌పెక్ అనే అమెరికన్ బ్యాండు వాళ్ళు. 2014లో పది ట్రాకుల ఆల్బమ్ వేశారు, ఒక్కోటి అరనిమిషం దాటి ఒకట్రెండు సెకన్లు, లోపల పాట లేదు, చప్పుడు కూడా లేదు. పడుకునేటప్పుడు రిపీట్‌లో పెట్టుకోండి, వచ్చిన డబ్బుతో టికెట్ లేకుండా కచేరీలు చేస్తాం అని అభిమానులకి చెప్పారు. స్పాటిఫై తీయించేసేలోపు సుమారు 20 వేల డాలర్లు పోగయ్యాయి, కచేరీలూ జరిగాయి. నిన్ను ఇంత అందంగా ఓడించినవాళ్ళు ఇంకొకళ్ళు లేరు.

కొత్త పాటలు చూపించేది మేమే కదా అని అల్గారిథం తరఫున నువ్వు వకాల్తా పుచ్చుకోకు. చూపిస్తుంది, కాదనను, నాలాంటి చెవులున్నవాళ్ళు ఏం విన్నారో చూసి అదే వడ్డిస్తుంది, మంచివే ఉంటాయి. కానీ ఫ్రెండు పక్కన కూర్చుని వినిపించే పాటకి మొహమాటం అనేది ఉండేది. మొదట్లో ఏం బాలేదు, మొహం అలాగే పెట్టుకుని తలాడిస్తున్నాం, వాడేమో ఆగరా రెండో చరణం రానీ అంటున్నాడు, వాడి ఎదురుగా ఎలా మారుస్తాం? రెండో చరణం వచ్చేది, తలాడించడం నటన కాకుండా పోయేది. ఇప్పుడు వాడు లింకు పంపుతాడు. నాలుగు సెకన్లు విని నిన్ను నొక్కి, సూపర్‌రా అని రిప్లై కొడతాం. వేలు నీదే కదా అంటావ్, నాదే, అలవాటు చేసింది ఎవరు?

కాబట్టి అడిగేది పెద్దదేం కాదు. ఫ్రెండు పంపిన పాటైతే రెండో చరణం దాకా నువ్వు స్క్రీన్ మీద కనపడకు. నేను నొక్కినా పట్టించుకోకు, ఛార్జింగ్ అయిపోయినట్టు నటించు. రాత్రి పదకొండు దాటాక నేను విన్నవి ఎవరికీ చెప్పకు.

ఇట్లు,
నీ చాడీల వల్ల రోజూ ఉరుములు వింటున్న ఒక శ్రోత

తా.క.: ఉత్తరం ఎంతకీ అసలు విషయానికి రావట్లేదని పైనుంచి నేరుగా ఇక్కడికి దూకినవాళ్ళకి, మధ్యలో ఎక్కడో నిశ్శబ్దం అమ్ముకున్న బ్యాండు కథ ఒకటుంది, ఏ పేరాలో ఉందో చెప్పను.