ఆరు తీగలు చాలవన్న మాట నిజం కాదు

గిటారు నేర్చుకునేవాళ్ల ఫోన్లలో ఈ మధ్య ఒక సందేశం చేతులు మారుతోంది. విజయనగరంలో నా దగ్గర నేర్చుకుంటున్నవాళ్లలో ముగ్గురు ఒకే వారంలో దాన్ని నాకు చూపించారు. అందులో ఉన్నది ఇది: జాజ్ పాటను తోడు లేకుండా, బాణీనీ కార్డ్‌లనూ (కలిసి మోగే స్వరాల గుంపులనూ) కలిపి ఒంటి గిటారు మీద వాయించడం మనవాళ్లకు అయ్యే పని కాదు. పియానోకు పది వేళ్లు పనిచేస్తాయి, గిటారు మెట్ల మీద నాలుగే. అయిదు వందల కార్డ్‌లు బట్టీ పట్టాలి. లక్ష రూపాయల గిటారు కావాలి. పైగా కర్ణాటక సంగీతం విని పెరిగిన చెవికి ఆ సంగీతం పట్టదు. ఇది చదివి ఒకమ్మాయి సగం నేర్చిన పాటను వదిలేసింది. అందుకే ఈ జవాబు.

ముందు వేళ్ల సంగతి. పియానో చేసే పనంతా గిటారు చేయాలనుకోవడంలోనే పొరపాటు ఉంది. బొబ్బిలిలో పనస చెక్కతో చేసే వీణనే చూడండి. నాలుగు తీగల మీద పాట నడుస్తుంటే, పక్కనున్న మూడు తాళపు తీగలను చిటికెన వేలు మీటుతుంది. ఒక్క మనిషే పాటనూ దాని ఆధారాన్నీ వినిపిస్తున్నాడు. అన్ని తీగలూ అన్ని వేళలా మోగనక్కరలేదు.

‘ఆటమ్ లీవ్స్’ తీసుకుందాం. 1945లో జోసెఫ్ కోస్మా ఫ్రాన్స్‌లో కూర్చిన బాణీ ఇది. జాజ్ వాళ్లు తర్వాత సొంతం చేసుకున్నారు. ఈ (E) మైనర్ శ్రుతిలో వాయిస్తే మొదటి ఎనిమిది బార్లలో (తాళపు కొలతల్లో) బాణీ నాలుగు చోట్ల ఆగి నిలబడుతుంది. సన్నని తీగను ఒకటోదిగా లెక్కపెట్టండి. ఏ, బీ, సీ లాంటివి స్వరాల పాశ్చాత్య పేర్లు; ఖాళీ అంటే మెట్టు నొక్కకుండా మీటడం. మొదటి మజిలీ ఏ (A) మైనర్ సెవెంత్ అనే కార్డ్ మీద సీ స్వరం: అయిదో తీగ ఖాళీ, మూడో తీగ ఖాళీ, రెండో తీగ మీద ఒకటో మెట్టు. ఒక్క వేలు చాలు. రెండోది జీ మేజర్ సెవెంత్ మీద బీ: ఆరో తీగ మూడో మెట్టు, నాలుగో తీగ నాలుగో మెట్టు, రెండో తీగ ఖాళీ. మూడోది ఎఫ్ షార్ప్ హాఫ్ డిమినిష్డ్ మీద ఏ (A): ఆరో, నాలుగో, మూడో తీగలన్నీ రెండో మెట్టు దగ్గరే. నాలుగోది ఈ (E) మైనర్ మీద జీ: ఆరో తీగ, మూడో తీగ, రెండూ ఖాళీవే. ఎడమచేతికి అక్కడ పనే లేదు!

నాలుగు చోట్లా బాణీ నిలిచింది ఆ కార్డ్‌కు పేరిచ్చే మూల స్వరం నుంచి లెక్కపెడితే మూడో స్వరం మీదే. కార్డ్ మేజర్ రకమా మైనర్ రకమా అని చెప్పేది ఆ స్వరమే కదా. దాన్ని బాణీయే పలుకుతుంటే మనం కింద అందించాల్సింది మూల స్వరం, చాలా చోట్ల దానితో పాటు ఏడో స్వరం. అయిదో స్వరం మేజర్‌కూ మైనర్‌కూ ఒకటే కాబట్టి వదిలేసినా నష్టం లేదు. మూడో మజిలీలోని హాఫ్ డిమినిష్డ్‌లో మాత్రం ఒక మెట్టు తగ్గిన అయిదో స్వరానికి విలువ ఉంది. అది సీ. అయితే బాణీ సరిగ్గా ఆ మజిలీకి ముందే సీ, డీ, ఈ అని నడిచి వచ్చింది గనుక చెవి దాన్ని గుర్తు పెట్టుకునే ఉంటుంది.

అయిదు వందల కార్డ్‌ల లెక్క కూడా ఇక్కడే తేలిపోతుంది. మేజర్ సెవెంత్, మైనర్ సెవెంత్, డామినెంట్ సెవెంత్, హాఫ్ డిమినిష్డ్, డిమినిష్డ్: ఈ అయిదు రకాలతో పాత జాజ్ పాటల్లో అధిక భాగం నడుస్తుంది. ఖాళీ తీగ లేకుండా వేళ్లు పెట్టే ఆకారం ఏదైనా మెట్ల మీద జరిపితే మరో శ్రుతిలో అదే కార్డ్ అవుతుంది. పైన ఏ స్వరం ఉండాలో బాణీ చెబుతుంది. పట్టిక ముందేసుకుని బట్టీ పట్టినవాళ్లు నాకు తెలుసు. పాట మొదలుపెట్టగానే ఏ ఆకారం వాడాలో తెలియక ఆగిపోతారు.

గిటారు ధర గురించి ఎక్కువ చెప్పను. శ్రుతి నిలిచి, తీగలు మెట్లకు మరీ ఎత్తుగా లేకపోతే చాలు. పైన చెప్పిన నాలుగు మజిలీలూ నేను పాత సామాన్ల దుకాణంలో కొన్న గిటారు మీదే కూర్చాను.

చివరి మాట నన్ను నిజంగా బాధపెట్టింది. ఈ ఊళ్లో 1919లో సంగీత కళాశాల మొదలైంది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడ నేర్పిన వాయులీనం ఐరోపా నుంచి వచ్చినదే. మన చెవికి పరాయి సంగీతం పట్టదని ఈ ఊరివాళ్లకు చెప్పడం ఎంత అన్యాయం! ఈ (E) స్వరాన్ని షడ్జం (స) అనుకుని ‘ఆటమ్ లీవ్స్’ మొదటి మూడు పాదాలు పాడి చూడండి, అవి నటభైరవి రాగపు స్వరాలు. నాలుగో పాదంలో ధ, ని ఒక్కో మెట్టు పెరిగి చతుశ్రుతి ధైవతం, కాకలి నిషాదం అయి గౌరీమనోహరి రాగపు స్వరాల్లోకి తిరుగుతుంది. రాగమని అనడం లేదు, గమకాలూ సంచారాలూ వేరు. కానీ ఆ మలుపును స్వరాలతో పాడగలిగిన పిల్లకు దాని కింద కార్డ్ ఎందుకు మారిందో ఒక్క మాటలో చెప్పవచ్చు.

కష్టం లేదని నేను అనను. మూడు తీగలు ఒకేసారి మీటినప్పుడు బాణీ స్వరం మిగిలిన రెండింటికన్నా గట్టిగా పలకాలి. ఉంగరపు వేలికి ఆ బలం రావడానికి నెలలు పడుతుంది. కార్డ్ మారేటప్పుడు పై స్వరం తెగకుండా పట్టుకోవడం ఇంకా కష్టం. జాజ్ నడకలోని ఊపు ఎంతో వింటే తప్ప రాదు. ఆ సందేశం రాసినవారు ఈ మూడింటిలో ఒక్కదాన్నీ ప్రస్తావించలేదు. ఆ అమ్మాయిని వచ్చే ఆదివారం రమ్మన్నాను, మొదటి మజిలీ దగ్గర నుంచి మళ్లీ మొదలుపెడతాం.