చూద్దాం గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ చూద్దాం గారి సముఖానికి,

నమస్కరించి రాయునది. ఇక్కడ మేము క్షేమం. తమరు క్షేమమేనా అని అడగను. తమరికేమవుతుంది, అయితే గియితే మాకే.

ముందు నా ఫిర్యాదు వినండి. మా ఆఫీసులో ప్రతి సోమవారం నింపే రిపోర్టులో ‘ఇతర వివరాలు’ అని ఒక కాలమ్ ఉంది. అందులో అందరం ‘లేవు’ అని రాస్తాం. ఇన్నేళ్ళలో ఎవరికీ ఇతర వివరాలు కలగలేదు. దాన్ని తీసేద్దామని పద్నాలుగు నెలల కిందట అడిగాను. మా పైఅధికారి కాదనలేదు, అవుననలేదు. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, తమరి నామస్మరణ చేశారు.

ఆ రోజు నుంచి తమరి వ్యాకరణం మీద పడ్డాను. ‘చూస్తాను’ అంటే చూసేవాడు ఒకడున్నాడు, రేపు వెళ్ళి నిలదీయొచ్చు. ‘చూస్తాం’ అన్నా పరవాలేదు, వాళ్ళెవరో చూస్తారు, నేను బయట బెంచీ మీద కూర్చుంటాను. తమరి దారే వేరు. తమరిలో ‘మనం’ ఉంది. అంటే చూడాల్సినవాళ్ళలో నేనూ ఒకణ్ణే! అర్జీ పెట్టుకున్నవాణ్ణే పట్టుకెళ్ళి, అర్జీ తొక్కిపెట్టినవాళ్ళ పక్కన కూర్చోబెట్టారు. అదీ ఒక్క క్రియాపదంతో.

తమరి బంధువర్గం ప్రపంచమంతా ఉంది. జపాన్‌లో ‘కెంతో షిమాస్’ అంటారు, పరిశీలిస్తామని. బేరం మాట్లాడటానికి వెళ్ళిన కొత్తవాడు అది విని సంతోషంగా ఇంటికి ఫోన్ చేస్తాడు. అనుభవం ఉన్నవాడు పెట్టె సర్దుకుంటాడు. ఇంగ్లీషువాళ్ళు ‘మనసులో ఉంచుకుంటాను’ అంటారు. ఆ మనసులో ఎన్ని ఉన్నాయో పాపం.

అయితే జపాన్‌వాళ్ళని పూర్తిగా తమరి ఖాతాలో వేస్తే అన్యాయమవుతుంది. వాళ్ళకి ‘నెమవాషి’ అని ఒక పద్ధతి ఉంది. చెట్టుని ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చేముందు వేళ్ళ చుట్టూ తవ్వి సిద్ధం చేస్తారే, ఆ మాట. ఏదైనా మార్చాలంటే ముందు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి విడిగా మాట్లాడతారు. తర్వాత ‘రింగిషో’ అనే కాగితం కింది నుంచి పైకి ముద్రలు వేయించుకుంటూ పాకుతుంది. మీటింగ్ జరిగేనాటికి అంతా తేలిపోయి ఉంటుంది, అది పెళ్ళయ్యాక రిసెప్షన్ లాంటిది. ఆలస్యమే, ఒప్పుకుంటాను. కానీ ఆ కాగితం మీద ఎవరు చూశారో ముద్ర ఉంటుంది. తమరు వచ్చి వెళ్ళిన చోట వేలిముద్ర కూడా దొరకదు.

అమెరికాలో కథ తిరగబడుతుంది. బాస్‌ని పేరు పెట్టి పిలుస్తారు, బల్ల మీద కాళ్ళు పెట్టుకుంటారు, తీరా నిర్ణయం దగ్గరకొచ్చేసరికి తరచుగా ఆ బాసే గబుక్కున తేల్చేస్తాడు. వచ్చేవారం మార్చేసినా ఎవరూ నొచ్చుకోరు. ఈ రెండు దేశాలవాళ్ళూ ఒకే ప్రాజెక్టులో కూర్చుంటే చూడాలి. అమెరికా ఆయన చెప్పే ప్రతి ముక్కకీ అవతలివాళ్ళు ‘హై, హై’ అంటారు. ‘హై’ అంటే అవునని నిఘంటువులో ఉంది కనుక ఈయన మర్నాడే పని మొదలుపెట్టేస్తాడు. వాళ్ళన్నది చాలాసార్లు ‘ఊఁ, వింటున్నాం’ అని మాత్రమే. కథ వింటూ మనం ఊఁ కొట్టమూ? అంతమాత్రాన రాజకుమారిని ఎత్తుకుపోతున్న రాక్షసుడికి మన అనుమతి ఇచ్చినట్టా?

తమరి తరఫున కూడా ఒక మాట చెప్పాలి. ముఖం మీదే కాదనేస్తే ఏమవుతుందో పోలండ్-లిథువేనియా రాజ్యం చూసింది. అక్కడి సభలో ఏ ఒక్కడు లేచి ‘ఒప్పుకోను’ అన్నా సమావేశాలు ముగిసిపోయేవి, అప్పటిదాకా తేల్చినవన్నీ రద్దయ్యేవి. 1652లో ఒకాయన దీనితో సభనే ఆపేశాడు. ఆ హక్కుని 1791 రాజ్యాంగం ఎత్తేసింది, నాలుగేళ్ళకి రాజ్యమే మ్యాపులోంచి పోయింది. అదొక్కటే కారణం కాదనుకోండి. ‘చూశావా, చూద్దాం అని కూర్చుంటే సరిపోయేదిగా!’ అన్నారు మా పైఅధికారి. నేను ఊఁ కొట్టాను.

ఇంకో సంగతి. 1944లో అమెరికా యుద్ధకాలపు గూఢచారి సంస్థ ఒక చిన్న పుస్తకం వేసింది. శత్రువు చేతిలో ఉన్న చోట్ల మామూలు ఉద్యోగులు పనుల్ని ఎలా పాడుచేయాలో నేర్పడానికి. యంత్రాలు చెడగొట్టడంతో పాటు అందులో ఇవీ ఉన్నాయి: వీలైనప్పుడల్లా విషయాన్ని కమిటీకి పంపండి, కమిటీలో అయిదుగురికి తగ్గకుండా చూసుకోండి, కిందటిసారి తేలిపోయినదాన్ని మళ్ళీ తవ్వండి. అక్కడ దాన్ని విధ్వంసం అన్నారు. మా దగ్గర విధివిధానం అంటారు.

తమరికి మందు లేదని మాత్రం అనుకోవద్దు. ఇటలీలోని విటెర్బోలో 1268లో పోప్‌ని ఎన్నుకోవడానికి కూర్చున్న కార్డినళ్ళు 1271 దాకా మీనమేషాలు లెక్కపెట్టారు. ఊరివాళ్ళకి ఒళ్ళు మండి వాళ్ళని లోపలపెట్టి తాళం వేశారు, తిండి రొట్టెకీ నీళ్ళకీ దించారు, చివరికి పైకప్పు కూడా పీకేశారని చెబుతారు. అలా ఎన్నికైన పదో గ్రెగరీ 1274లో నియమమే పెట్టాడు: మూడు రోజుల్లో తేలకపోతే పూటకి ఒకటే వంటకం, ఇంకో అయిదు రోజులు దాటితే రొట్టె, నీళ్ళు, వైను. పనిచేసిన మందునే చట్టం చేయడమంటే ఇదే. మా ఆఫీసుది స్లాబు, ఊడదు. కనీసం మీటింగుల్లో బిస్కట్లు ఆపమని రాసిచ్చాను. దానికీ తమరే వచ్చారు.

అన్నట్టు, పోయిన నెల నా కాలమ్ సంగతి కదిలింది. తేల్చడానికి ఏడుగురితో కమిటీ వేశారు. అయిదుకి రెండు ఎక్కువే. పని ఎందాకా వచ్చిందో అందరికీ తెలియాలని రిపోర్టులో కొత్త కాలమ్ చేర్చారు: ‘కాలమ్ తొలగింపు, ప్రస్తుత స్థితి’. అందులో ఏం రాయాలని అందరూ నన్నే అడిగారు. తమరి పేరు రాయమన్నాను.

ఇట్లు,
తమరి ‘మనం’లో ఒకడు