చంకలో దిండు, మెడలో టీషర్టు

ముందే ఒక నిజం చెప్పేస్తా. నా భుజం పోయింది ఈతలో బటర్‌ఫ్లై, అంటే రెండు చేతులూ ఒకేసారి నీళ్ళ మీంచి విసిరే ఈత, కొడుతుంటే కాదు. పూల్ దగ్గర, లిఫ్ట్‌లో, కిరాణా కొట్లో, అడిగిన ప్రతివాడికీ బటర్‌ఫ్లై అనే చెప్పా, 64 ఏళ్ళ మనిషి ఆ మాటంటే అవతలివాడు ఒకసారి పైనుంచి కిందదాకా చూస్తాడు, ఆ చూపు కోసం. అసలు సంగతి అటక మీద ఆవకాయ జాడీ. అదీ ఖాళీదే. ఏప్రిల్ వచ్చింది కదా, కొత్త ఆవకాయకి దింపమంది మా ఆవిడ, స్టూలెక్కి కుడిచేత్తో లాగా, లోపలెక్కడో పాత చీర చిరిగినట్టు పర్రుమంది. జాడీకి మాత్రం ఏం కాలేదు.

ఈ బటర్‌ఫ్లై ఐడియా కూడా నా సొంతం కాదు. మా విజయవాడ మాస్టర్స్ బ్యాచ్‌లో, అంటే పాతికేళ్ళు దాటినవాళ్ళ ఈత పోటీల బ్యాచ్‌లో, ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారున్నారు, 72 ఏళ్ళు, ఆయనకి ఐదేళ్ళ కింద, తర్వాత నాకైన ఈ భుజం ఆపరేషనే అయింది, 200 మీటర్ల బటర్‌ఫ్లైలో ఆఖరి లెన్త్‌లో భుజం ఎలా తెగిందో ఆయన చెబుతుంటే మేమంతా నీళ్ళలో నిలబడి నోరెళ్ళబెట్టి వినేవాళ్ళం.

డాక్టరు గారి దగ్గర కూడా అదే మొదలెట్టా గానీ పక్కనే ఉన్న మా ఆవిడ జాడీ సంగతి చెప్పేసింది. ఆయన స్కాన్ చూసి, జాడీది ఏం తప్పు లేదండీ, అది వంక మాత్రమే అన్నారు. భుజం గూడు చుట్టూ నాలుగు కండరాలుంటాయట, వాటిని ఎముకకి కట్టే తాళ్ళలాంటి టెండన్లు నాలుగూ కలిసి ఎముక గూట్లోంచి జారకుండా పట్టుకుంటాయి, దాన్నే రొటేటర్ కఫ్ అంటారు, అందులో పైనుండే సుప్రాస్పైనేటస్ టెండన్ ఎప్పట్నుంచో పీచులు పీచులుగా ఉంది. నేను ఇంటికొచ్చి లెక్కేశా. రోజూ 1500 మీటర్లు, అంటే 50 మీటర్ల పూల్లో 30 లెన్త్‌లు, లెన్త్‌కి నావి 44 చేతులు, మొత్తం 1320, అందులో కుడిభుజం వాటా 660, అదీ పొద్దున కాఫీ కూడా తాగకుండా. పాతికేళ్ళు అలా లాగితే నూతి చేద తాడైనా పుటుక్కుమంటుంది.

ఈ కఫ్ అనే మాట ఎదురు ఫ్లాట్ పిన్నిగారి చెవిన పడింది. "భుజంలోకి కూడా కఫం చేరిందా నాయనా, ఇరవైనాలుగ్గంటలూ ఆ నీళ్ళలో నానితే చేరదూ మరి" అని మిరియాల కషాయం పట్టుకొచ్చింది. రెండు పూటలా తాగా. ఏం చేస్తాం, గ్లాసు ఖాళీ అయ్యేదాకా గుమ్మంలోంచి కదలదు.

అసలు బాధ నొప్పి కాదండీ, టైమింగ్. మామూలు మనుషులు 65 వస్తోందంటే దిగులు పడతారు, మేం దానికోసం చకోర పక్షుల్లా ఎదురుచూస్తాం. మాస్టర్స్‌లో పాతిక నుంచి ఐదేళ్ళకో గ్రూపు, ప్రపంచ ఈత సంఘం వరల్డ్ ఆక్వాటిక్స్ రూల్ ప్రకారం ఆ ఏడాది డిసెంబర్ 31కి ఎన్నేళ్ళు నిండితే అదే నీ వయసు. 60 నుంచి 64 గ్రూపులో నేను ముసలాణ్ణి, ఆ అరవై ఏళ్ళ కుర్రాళ్ళు మీద నుంచి పోతుంటే చూస్తూ ఊరుకున్నా, ఎందుకంటే వచ్చే ఏడాది 65 గ్రూపులోకి పోతే నేనే కుర్రాణ్ణి. సరిగ్గా ఆ గుమ్మంలో కాలు పెట్టబోతుంటే ఈ జాడీ.

సరే, చిన్న చిన్న కన్నాలు పెట్టి, తెగినదాన్ని ఎముకకి దారాలతో కుట్టి పంపించారు. ఆరు వారాలు స్లింగ్. స్లింగ్ అంటే మెడలో వేసుకునే గుడ్డ పట్టీ అనుకునేరు, నడుం చుట్టూ బెల్టు, మెడ మీద ఇంకో బెల్టు, మధ్యలో ఇటుకంత ఫోమ్ దిండు, చెయ్యి దాని మీద. అది పెట్టుకుని వీధిలో నడుస్తుంటే సంక్రాంతికి పుంజుని చంకన పెట్టుకుని బరికి పోతున్నవాడిలా ఉంటా. పడుకోవడం లేదు, పడక్కుర్చీలో సగం కూర్చుని సగం నిద్ర. రోజుకి మూడుసార్లు బల్ల మీద ఎడంచెయ్యి ఆనించి, నడుం వంచి, కుడిచేతిని గుళ్ళో గంటలా ఊరికే ఊగనివ్వాలి, ఊపకూడదు, ఊగనివ్వాలి, ఈ తేడా చెప్పలేక ఫిజియో అమ్మాయి గొంతు పోయింది. ఇంకో ముక్క కూడా చెప్పింది, చొక్కా వేసుకునేటప్పుడు ఆపరేషన్ చెయ్యి ముందు, తీసేటప్పుడు ఆ చెయ్యి ఆఖర్న. ఆఁ, చొక్కా తొడుక్కోవడం కూడా నేర్పాలా అనుకున్నా.

పంతొమ్మిదో రోజు, ఆదివారం. మా బ్యాచ్ పరామర్శకి వస్తామన్నారు, అందులో ఇద్దరు మేడమ్స్ కూడా. మా ఆవిడ కూరగాయలకి రైతు బజారుకెళ్ళింది. ముందు బటన్లుండే వదులు చొక్కాలు రెండే నాకు, రెండూ తీగ మీద నీళ్ళు కారుతున్నాయి. సరే ఈలోగా స్టేట్ మీట్‌లో ఇచ్చిన టీషర్టు వేసుకుందాం, చూసినవాళ్ళకి కూడా బాగుంటుంది అనిపించింది.

ఎడంచెయ్యి దూర్చా. తల దూర్చా. అంతే. సగం తల దూరాక గుడ్డ అయిపోయింది. మిగతాది దిండు దాటి రావాలి, రాదు, వెనక అంచు స్లింగ్ వెల్‌క్రోకి అంటుకుపోయింది, లాగితే కుడిభుజం కెవ్వుమంటోంది, వదిలేద్దామంటే ఎడంచెయ్యి క్లాసులో ఒంటేలుకి అడిగే పిల్లాడిలా నిటారుగా పైకి లేచి అక్కడే ఉండిపోయింది. కళ్ళ ముందు నీలం గుడ్డ తప్ప ఏం లేదు. ఏలూరు కాలవలో సొరకాయ బుర్రలు కట్టుకుని ఈత నేర్చుకున్నప్పుడు కూడా నాకింత ఊపిరాడకపోవడం ఎరగను.

అప్పుడు బెల్లు మోగింది. గ్యాస్ అబ్బాయి.

తడుముకుంటూ వెళ్ళా. ఇక్కడ దేవుడున్నాడు, మా తలుపుకి గడియ పైన ఉంటుంది. ఆ చెయ్యి ఎటూ పైనే ఉంది.

"ఓటీపీ చెప్పండి అంక..." అని ఆగిపోయాడు. కాసేపు సిలిండర్ చప్పుడు కూడా లేదు.

"బాబూ, ముందు నన్ను తియ్యి" అన్నా లోపల్నుంచి.

కత్తెరుందా అన్నాడు. వద్దు, స్టేట్ మీట్‌ది అన్నా. వెల్‌క్రో పట్టు విడిపించి, అరటిపండు తొక్క తీసినట్టు నెమ్మదిగా వెనక్కి ఒలిచాడు. "పాడైన చెయ్యి ముందు ఎక్కించాలంకుల్, మా అమ్మకి చెయ్యి విరిగినప్పుడు నేనే వేసేవాణ్ణి. ఎట్టా అయింది మీకు?"

"బటర్‌ఫ్లై."

"సీతాకోకచిలుకా? పట్టుకోబోయారా?"

ఓటీపీ చెప్పేశా. ఈలోగా కింద కారు హారన్, మా వాళ్ళే. ఒంటి మీద బెల్టులు తప్ప ఏం లేవు. అబ్బాయి అటూ ఇటూ చూసి, సోఫా మీద మడత పెట్టాల్సిన బట్టల్లోంచి మా ఆవిడ నైటీ తీశాడు, ముందు నడుందాకా జిప్పు. కాళ్ళలోంచి ఎక్కించి, ఎడంచెయ్యి తొడిగి, దిండూ పుంజూ అన్నీ లోపలే పెట్టి జిప్పు లాగాడు. ఎక్కడా పట్టెయ్యలేదు. నిజం చెప్పాలంటే పంతొమ్మిది రోజుల్లో అంత హాయిగా ఎప్పుడూ లేను.

లిఫ్ట్ తలుపు తెరుచుకుంది. మేడమ్స్ ఇద్దరు, మిగతా బ్యాచ్, వాళ్ళ వెనక కూరగాయల సంచితో మా ఆవిడ. ఎవరూ మాట్లాడలేదు. మా ఆవిడ గోంగూర కట్ట కింద పడేసింది.

మాస్టారొక్కరే దగ్గరకొచ్చి గుడ్డ పట్టుకు చూశారు.

"జిప్పా, బటన్లా?"

"జిప్పండీ."

"జిప్పే మంచిది. నేను గుండీలది కట్టి ఆరు వారాలు అవస్థ పడ్డా." తర్వాత నా చెవి దగ్గరకి వంగి గొంతు తగ్గించారు. "ఏమోయ్, నీది నిజంగా బటర్‌ఫ్లైయేనా?"

నేను వంటింటి అటక వైపు చూశా.

"నాది కూలరు" అన్నారు. "మేడ మీద నుంచి దింపుతుంటే."